తెల్లమచ్చల తెగులు: ఒక నామకరణ చరిత్ర

“పేరులేని వ్యాధికి పెన్నేరు గడ్డ మందు” అని మన పెద్దలొక సామెత చెప్పారు. రోగమేదో తెలియనప్పుడు చేతికందిన గడ్డను అరగదీసి పోయటం తప్ప వైద్యుడు మాత్రం చేయగలిగినదేమున్నదని దాని భావం. ఈ సామెతలో పరిహాసమెంత ఉన్నదో పరితాపమూ అంతే ఉన్నది. వ్యాధికి సరియైన పేరు పెట్టటం, దాని కారణాన్ని కనుగొని ఫలానా జాతికి, ఫలానా కుటుంబానికి చెందినదని నిర్ణయించటం పండితుల కాలక్షేపం కాదు. ఆ పని జరిగేవరకు బాధితుడు చీకటిలో చేతులు చాచి తడుముకొనేవాడే. కొల్లేటి సీమలోనూ, దాని దిగువనున్న సముద్రతీరంలోనూ రొయ్యల చెరువులు నడిపిన రైతులు 1994 తరువాత కొన్ని సంవత్సరాలు అటువంటి చీకటిలోనే గడిపారు. వారి చెరువులను తుడిచిపెట్టిన వైరస్‌కు శాస్త్రలోకం ఒక పేరు, ఒక ఇల్లు సమకూర్చిన వృత్తాంతమే ఈ ప్రసంగానికి విషయం.

ముందుగా ఒక హెచ్చరిక అవసరం. ప్రతి కొత్త జబ్బుకూ వైరసే కారణమనుకోవటం ఈ కాలంలో పరిపాటి అయినది. 2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరు పట్టణంలో వందలాది జనం మూర్ఛలు, కళ్లు తిరగటం, వాంతులు మొదలైన లక్షణాలతో ఒక్కసారిగా ఆసుపత్రుల పాలయ్యారు. కరోనా భయం ఇంకా తీరని రోజులవి. ఏదో కొత్త వైరస్ పుట్టిందన్న మాట వీధులన్నిటా వ్యాపించింది. కాని వైరస్‌ల కోసం జరిపిన పరీక్షలలో అటువంటిదేదీ కనిపించలేదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు పరీక్షించిన రక్తపు నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు తేలింది. పిమ్మట పురుగుమందుల అవశేషాల వైపుగా నిపుణుల విచారణ సాగింది. ఒక వ్యాధికి వైరస్ కారణమని చెప్పాలన్నా, కాదని చెప్పాలన్నా నిదర్శనం కావాలని ఏలూరు అనుభవం మనకు బోధిస్తున్నది.

మరి ఆ నిదర్శనం సంపాదించటం ఎట్లాగు? వైరస్ కంటికి కనిపించేది కాదు. మామూలు సూక్ష్మదర్శినికి సయితం అందేది కాదు. దాని చరిత్ర మన గోదావరి జిల్లాల రైతులకు చిరపరిచితమైన పొగాకుతోనే ఆరంభమయింది. పొగాకు ఆకుల మీద మచ్చలు వేసే తెగులును పరిశీలిస్తూ 1892లో రష్యా దేశపు ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన ఆకుల రసాన్ని పింగాణీ వడపోత గొట్టంగుండా వడకట్టాడు. బాక్టీరియాలను అడ్డగించే ఆ గొట్టం గుండా వచ్చిన రసం కూడా తెగులును కలిగించింది. 1898లో హాలెండు దేశస్థుడు బైయరింక్ ఇది బాక్టీరియా కాదు, వేరొక సాంక్రామిక పదార్థమని వాదించి దానికి వైరస్ అన్న పేరును వాడాడు. 1935లో అమెరికాలో స్టాన్లీ ఆ వైరస్‌ను స్ఫటికరూపంలో రాబట్టాడు. 1939లో జర్మనీలో ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద దాని ఆకారం మొదటిసారిగా కంటికి కనిపించింది. ఈవిధంగా వడపోత, శుద్ధి, చిత్రం అనే మూడు మెట్లు ఏర్పడినవి. కొత్త వైరస్‌ను పట్టదలచినవారు చాలాకాలం ఈ మెట్లనే ఎక్కవలసివచ్చింది.

ఇక మన సీమలోనికి వద్దాము. కృష్ణా, గోదావరీ నదుల డెల్టాల నడుమ పల్లంలో పరచుకొన్నది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన వాగుల నీరు అందులో చేరి, ఉప్పుటేరు మార్గాన బంగాళాఖాతంలో కలుస్తుంది. పోటువేళ సముద్రపు ఉప్పునీరు ఏటిలోనికి ఎగదన్నుతుంది. తీపినీటి చేపకూ, ఉప్పునీటి రొయ్యకూ కూడా ఈ పల్లపుసీమ అనువైనది. చెరువులలో చేపలను పెంచటం ఇక్కడ ముందే బలపడి ఉండగా, 1990 తరువాత తీరప్రాంతంలో టైగర్ రొయ్యల పెంపకం వెల్లువలా వచ్చింది. వరిచేలు చెరువులైనవి. ఒక్క పట్టుబడిలో అప్పులు తీరి మేడలు లేచిన కుటుంబాలను చూచి, పక్కవారు కూడా పొలాలు తవ్వించారు. వడ్డీకి తెచ్చిన సొమ్ము మేతకూ, రొయ్యపిల్లలకూ, నీటిని చిలికే యంత్రాలకూ ఖర్చయింది.

ఇంతలో తూర్పుదేశాల నుండి ఒక విపత్తు బయలుదేరింది. 1992, 1993 సంవత్సరాలలో తైవాన్, చైనా దేశాల చెరువులలో రొయ్యలు మూకుమ్మడిగా చావసాగినవి. 1993లో చైనా నుండి తెచ్చిన రొయ్యపిల్లల మూలంగా జపాను చెరువులలోనూ అదే ఉపద్రవం పుట్టింది. తరువాత థాయిలాండు వంతు వచ్చింది. 1994లో మన దేశపు తూర్పుతీరంలో ప్రవేశించి, మరుసటి ఏటికల్లా ఆంధ్రతీరపు చెరువులను చుట్టబెట్టింది. 1999 నాటికి అది మధ్య అమెరికా, ఈక్వడోరు దేశాల వరకు పాకిపోయింది.

రోగలక్షణాలు రైతు కంటికి స్పష్టంగానే కనిపించేవి. మేతను విడిచిన రొయ్యలు గట్టువారకు చేరి నీటి పైపైన తేలియాడేవి. పెంకు వదులయ్యేది, ఒళ్లు ఎరుపెక్కేది, తల మీది డిప్ప లోపలివైపున ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని మచ్చలు దేరేవి. మచ్చలు కనిపించిన మూడు మొదలు పది రోజులలో చెరువు మొత్తం ఖాళీ అయ్యేది. రైతులు దీనిని తెల్లమచ్చ వ్యాధి అన్నారు. ఆ పేరు కంటికి కనిపించే లక్షణాన్ని చెప్పింది గాని కారణాన్ని చెప్పలేదు. నీటిలో క్షారగుణం హెచ్చినా, కొన్ని బాక్టీరియాలు సోకినా రొయ్య పెంకు మీద తెల్లని మచ్చలు రావచ్చును. మచ్చను చూచి వైరస్ అనటం, పొగను చూచి ఫలానా ఇంటి పొయ్యి అనటం వంటిది. కారణమేదో తెలియక కొందరు నీటిని నిందించారు, కొందరు మేతను నిందించారు. మందుల వర్తకులు చూపిన ప్రతి పొడినీ చెరువులో చల్లినవారున్నారు. పెన్నేరు గడ్డ సామెత అక్షరాలా నిజమైనది అప్పుడే.

ఒకే కాలంలో ఆసియా దేశాల ప్రయోగశాలలన్నీ పని మొదలుపెట్టినవి. చచ్చిన రొయ్య కణజాలాన్ని నూరి, బాక్టీరియా దూరలేని వడపోతలో వడగట్టి, ఆ రసాన్ని ఆరోగ్యంగా ఉన్న రొయ్యలకు ఎక్కించారు. అవి కూడా అవే లక్షణాలతో చచ్చినవి. కనుక కారణం వైరస్ అని తేలింది. ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా కోలగా దుడ్డుకర్రవలె ఉన్న కణాలు కనిపించినవి. వాటి పొడవు రమారమి 250 మొదలు 380 నానోమీటర్లు. వెడల్పు 80 మొదలు 120. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతును నానోమీటరు అంటారు. కణానికి చుట్టూ ఒక పొర ఉన్నది. ఒక కొసను సన్నని దారంవంటి తోక ఉన్నది.

ఇక్కడే చిక్కు వచ్చింది. కనుగొన్నవారెందరో, పేర్లూ అన్ని అయినవి. జపానువారు దానిని దండాకారపు కేంద్రకవైరస్ అన్నారు. చైనా వైరస్‌కు, అది చెరచే కణజాలాన్ని బట్టి, చర్మం కిందిపొరలనూ, నెత్తురు పుట్టించే కణాలనూ నశింపజేసే బాక్యులోవైరస్ అనే దీర్ఘనామం వచ్చింది. థాయిలాండువారు పిండదశలోని బాహ్య, మధ్యస్తరాల నుండి పుట్టిన అవయవాలకు సోకే బాక్యులోవైరస్ అన్నారు. మరికొందరు క్లుప్తంగా తెల్లమచ్చల బాక్యులోవైరస్ అన్నారు. ఇవన్నీ వేర్వేరు వైరస్‌లా? ఒకదానికే పెట్టిన మారుపేర్లా? ఒక దేశంలో కనిపెట్టిన పరీక్ష మరొక దేశపు రొయ్యకు పనికివస్తుందా? పేర్లు ఇన్ని ఉన్నంతకాలం ఈ ప్రశ్నలకు సమాధానం దొరకలేదు. దేశదేశాల నమూనాలను పోల్చి చూచిన మీదట మాత్రమే ఇవన్నీ స్వల్పభేదాలు కలిగిన ఒకే వైరస్ అని నిశ్చయమైనది.

రెండవ చిక్కు కుటుంబాన్ని గురించినది. ఇన్ని పేర్లలోనూ తరచు వినిపించిన బాక్యులో అన్న మాటకు లాటిన్ భాషలో కర్ర అని అర్థం. పురుగులకు సోకే వైరస్‌ల కుటుంబమొకటి ఆ పేరుతో వెలసి ఉన్నది. కొత్త వైరస్ కూడా కర్ర ఆకారంలోనే ఉన్నది. దాని జన్యుపదార్థం రెండు పేటల డి.ఎన్.ఏ.; అది కణకేంద్రంలోనే వృద్ధి పొందుతుంది. కనుక ఆ ఇంటి బిడ్డే అనుకొన్నారు. కాని వైరస్‌ల నామకరణానికి ఒక ధర్మపీఠం ఉన్నది. 1966లో మాస్కోలో జరిగిన సూక్ష్మజీవశాస్త్ర మహాసభలో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం అది. ఆ సంఘంవారు 1995 నాటి తమ నివేదికలో బాక్యులో కుటుంబపు ఎల్లలను కుదించారు. మాంసకృత్తుల గుళికలో తమ కణాలను పొదిగి ఉంచే వైరస్‌లను మాత్రమే ఆ ఇంట ఉంచి, గుళికలు లేనివాటిని బయటకు పంపివేశారు. రొయ్యల వైరస్‌కు గుళిక లేదు. అంటే అది లోకానికి తెలియవచ్చిన రెండు మూడేళ్లలోనే దిక్కులేనిదైనది.

ఆ విధంగానే ఇల్లు పోగొట్టుకొన్న మరొక వైరస్ మన కొబ్బరి రైతులకు ఆసక్తి కలిగించేది. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగును చంపే వైరస్‌ను 1960 దశకంలో హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మలేషియాలో కనుగొన్నాడు. పసిఫిక్ దీవులలోనూ, మన దేశంలోనూ ఆ పురుగును అణచటానికి దానిని ఉపయోగించారు. ఒక వైరస్ రైతుకు శత్రువు, మరొకటి మిత్రం. వర్గీకరణ చేసేవారికి ఆ భేదం లేదు. ఆకారపు పోలికతో ఒక గూటిలో చేర్చినవి రెండూ, గుళిక లేనందున రెండూ ఆ గూటిని విడిచినవి.

ఆకారం చాలదని తేలిన పిమ్మట శాస్త్రజ్ఞులు జన్యులిపిని చదవటానికి పూనుకొన్నారు. హాలెండులోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో వాన్ హుల్టెన్, వ్లాక్ మొదలైనవారు 2000లో ఈ వైరస్ జన్యువులను కొన్నింటిని ఇతర వైరస్‌ల జన్యువులతో పోల్చి, బాక్యులో కుటుంబంతో దీనికి దగ్గరి బంధుత్వం లేదని చూపించారు. 2001లో వీరు థాయిలాండు నమూనా నుండి పూర్తి జన్యులిపిని ప్రకటించారు. అందులో 2,92,967 అక్షరాల జంటలున్నవి. అదే ఏడు చైనా శాస్త్రజ్ఞులు తమ దేశపు నమూనాను చదివి 3,05,107 జంటలని లెక్కించారు. జంతువులకు సోకే వైరస్‌లలో ఇది చాల పెద్ద లిపి. ఆశ్చర్యమేమంటే, అందులోని జన్యువులలో అధికభాగానికి అప్పటివరకు తెలిసిన ఏ ప్రాణి జన్యువులతోనూ పోలిక కనిపించలేదు. ఇది నిజంగా కొత్త వంశమని నిర్ధారణ అయింది.

2002లో అంతర్జాతీయ సంఘం దీనికొక ప్రత్యేక కుటుంబాన్ని ఏర్పరచింది. దాని పేరు నిమావిరిడే. లాటిన్‌లో దారమని అర్థమిచ్చే మాట నుండి, కణపు కొసనున్న తోకను ఉద్దేశించి ఈ పేరు పెట్టారు. ప్రజాతికి విస్పోవైరస్ అన్నారు. అది ఇంగ్లీషులో తెల్లమచ్చ అన్న మాటల ముక్కలను కూర్చి చేసిన పదం. ఈవిధంగా రైతు చూచిన మచ్చ, శాస్త్రజ్ఞుడు చూచిన దారం రెండూ ఒకే శాసనంలో చోటుచేసుకొన్నవి. యాదృచ్ఛికంగా ఆ సంవత్సరమే కొల్లేరు రామ్సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా గుర్తింపు పొందింది.

ఈ నామకరణం వల్ల రైతుకు ఒనగూడినదేమిటని ఎవరైనా అడగవచ్చును. మొదటి ప్రయోజనం పరీక్ష. వైరస్ అంతటా ఒకటే అని తేలినందువల్ల, ఒకచోట కనిపెట్టిన పరీక్ష అన్ని తీరాలకూ పనికివచ్చింది. 1996లో తైవాను జాతీయ విశ్వవిద్యాలయంలో చూ-ఫాంగ్ లో అనే విదుషీమణి, ఆమె సహచరులు పి.సి.ఆర్. పద్ధతిని ఈ వైరస్‌కు అన్వయించారు. కరోనా కాలంలో ఇంటింటా వినిపించిన ఆ పరీక్షయే ఇది. వైరస్ జన్యులిపిలోని ఒక ముక్కను లక్షలరెట్లు పెంచి, మచ్చలేవీ పొడచూపకముందే దాని ఉనికిని పట్టి ఇస్తుంది. తల్లిరొయ్యలో దాగిన వైరస్ పిల్లలకు సంక్రమించటం, పీతలు మొదలైన జలచరాలు తాము చావకుండానే దానిని మోయటం, చచ్చిన రొయ్యను తిన్న రొయ్యకు సోకటం ఈ పరీక్ష మూలంగానే స్పష్టపడినవి.

రెండవ ప్రయోజనం నివారణ. సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఆసియా పసిఫిక్ దేశాల జలచరాల పెంపక సంస్థ కలసి 2000 సంవత్సరంలో నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 365 చెరువులను వెంటబడి పరిశీలించినవి. ఏ చెరువు నష్టపోయింది, ఏది నిలిచింది, ఎందువల్ల అని విచారించినవి. తరువాత నరసాపురానికి సమీపంలోని మొగల్తూరులో రైతులు సంఘంగా ఏర్పడి ఆ పాఠాలను ఆచరణలో పెట్టారు. చెరువు అడుగు బురదను తీసి ఎండగట్టటం, పరీక్ష చేయించిన పిల్లలనే కొనటం, అందరూ ఒకే అదనులో వదలటం, పీతలు రాకుండా వలకంచె కట్టటం, తెగులు వచ్చిన చెరువు నీటిని పొరుగువానికి చెప్పకుండా కాలువలోనికి వదలకపోవటం వారి నియమాలు. చివరి నియమం శాస్త్రం కంటె ధర్మానికి దగ్గరగా ఉన్నది. కాని వైరస్ కాలువ వెంట పోతుందని ఋజువైన తరువాతనే కదా పొరుగువాని హక్కును రైతు అంగీకరించింది!

అయితే పేరు తెలిసినంత మాత్రాన వ్యాధి లోబడిందని అనుకోరాదు. తెల్లమచ్చల తెగులు సోకిన చెరువును బాగుచేసే మందు లేదు. టైగర్ రొయ్యతో విసిగిన రైతులు, 2009లో ప్రభుత్వానుమతి లభించగానే అమెరికా ఖండపు వనామి రొయ్యకు మళ్లారు. ఎంపికచేసిన వ్యాధిరహిత తల్లిరొయ్యలను తెప్పించి, చెన్నైలో కొంతకాలం వేరుగా ఉంచి పరీక్షించి హేచరీలకు ఇచ్చే ఏర్పాటు జరిగింది. వ్యాధిరహితమంటే వ్యాధి సోకదని కాదు. వచ్చేటప్పుడు వెంట తేలేదని మాత్రమే. చెరువులో వైరస్ ఉన్నట్లయితే వనామి కూడా చావక తప్పదు. చలికాలంలో ఈ తెగులు బలిమి హెచ్చుతుంది. నీరు వెచ్చబడితే తగ్గుతుంది.

తీపినీటి రొయ్యకు కూడా ఇటువంటి పరీక్ష ఎదురైనది. నీలకంఠ రొయ్యగా మనవారు పిలిచే జాతి పిల్లలు తోక తెల్లబడి హేచరీలలో కుప్పలుగా చావగా, తమిళనాడులోని మేల్విషారం కళాశాల శాస్త్రజ్ఞుడు సాహుల్ హమీద్, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలసి పరిశీలించి 2004లో మన దేశపు రొయ్యలలో రెండు వైరస్‌లు జంటగా ఉన్నట్లు ప్రకటించారు. అంతకుముందే ఫ్రెంచి వెస్టిండీస్ దీవులలో కనిపించిన జంట అది. ఒకటి 27 నానోమీటర్లది; రెండవది కేవలం 15 నానోమీటర్లది. చిన్నదానికి స్వయంగా వృద్ధిపొందే శక్తి లేదు. పెద్దదాని పనిముట్లను ఎరువు తెచ్చుకొంటుంది. ఒక వ్యాధికి ఒకే కారణముంటుందన్న నమ్మకాన్ని కూడా వర్గీకరణ శాస్త్రం ఈవిధంగా సవరించింది.

అన్నట్లు, వర్గీకరణ ఏనాటికీ ముగిసిన తీర్పు కాదు. 2021లో అంతర్జాతీయ సంఘం మరొక పైమెట్టును కల్పించి, తెల్లమచ్చల వైరస్ కుటుంబాన్నీ, బాక్యులోవైరస్ కుటుంబాన్నీ, కొబ్బరి పురుగు వైరస్ ఉన్న కుటుంబాన్నీ ఒకే తరగతిలోనికి చేర్చింది. ఒకే ఇంటివారు కాకపోయినా దూరపు జ్ఞాతులేనని, వాటి మూలజన్యువుల పోలిక సాక్ష్యమిచ్చింది. 1994లో కర్ర ఆకారాన్ని చూచి బంధుత్వం కలిపినవారు పూర్తిగా పొరబడలేదన్నమాట; వారి చేతిలో అప్పటికి సాక్ష్యం చాలలేదు, అంతే.

వర్గీకరణ విలువ ఎంతటిదో తెలియాలంటే ఈ కథ పక్కన మరొక దానిని పెట్టి చూడవలెను. తాడేపల్లిగూడెం, తణుకు ప్రాంతాలు కోళ్ల పెంపకానికి పేరుపొందినవి. 2025 ఫిబ్రవరిలో తణుకు వద్ద వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్లు చనిపోగా, నమూనాలను భోపాలులోని జాతీయ ప్రయోగశాలకు పంపారు. హెచ్5ఎన్1 రకపు పక్షి ఇన్‌ఫ్లుయెంజా అని కొద్దిరోజులలోనే సమాధానం వచ్చింది. వెంటనే చుట్టుపట్ల గిరిగీసి కోళ్ల రాకపోకలను నిలిపివేశారు. ఆ వైరస్ కుటుంబమేదో, రకమేదో, దానిని పట్టే పరీక్ష ఏదో ముందే తెలిసి ఉన్నందువల్ల ఇది సాధ్యమైనది. 1994లో రొయ్యల రైతు ఆ సమాధానం కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూడవలసివచ్చింది; ఆ వ్యవధిలో అతని చెరువే గాక, కొన్నిచోట్ల అతని పొలమూ, ఇల్లూ కూడా చేయిదాటిపోయినవి.

కొత్త వ్యాధి ఏ పల్లెలో, ఏ చెరువు గట్టున, ఏ కోళ్లపాకలో ముందుగా పొడచూపుతుందో ఎవ్వరూ చెప్పలేరు. కాని దానిని మొట్టమొదట చూచేది మాత్రం ప్రయోగశాలలోని పండితుడు కాదు, ఆ గట్టు మీది రైతే. అతడు చచ్చిన రొయ్యను కాలువలో పారవేయక పరీక్షకు పంపినప్పుడే నామకరణానికి తొలి అక్షరం పడుతుంది. పేరులేని వ్యాధికి పెన్నేరు గడ్డ తప్ప వేరు దారి లేని కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ దారి ఏర్పడినది. దాని మొదటి మైలురాయి మన చెరువు గట్టు మీదనే ఉన్నది.